'మూర్ఛ' పదం: అర్థసంకరం - హృదయలయ దోషాలు

1. ఉపోద్ఘాతం

తెలుగు వ్యవహారంలో 'మూర్ఛ' అనే పదం రెండు భిన్నస్థితులను సూచిస్తున్నది. ఎండలో నిలబడి సొమ్మసిల్లిన విద్యార్థిని 'మూర్ఛపోయాడు' అంటారు. ఫిట్స్ వచ్చే రోగికి 'మూర్ఛవ్యాధి' ఉందంటారు. మొదటి స్థితికి కారణం మెదడుకు రక్తప్రసరణ తాత్కాలికంగా తగ్గడం. రెండవదానికి మెదడులోని విద్యుత్ చర్య అదుపు తప్పడం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో మూర్ఛకు, అపస్మారానికి వేర్వేరు అధ్యాయాలున్నాయి. నేటి వ్యవహారంలో ఆ భేదం మసకబారింది. ఫలితంగా, గుండె లయ తప్పి పడిపోయినవారిని కూడా ఫిట్స్ రోగులుగా భావించే ప్రమాదం ఉన్నది.

2. కారణాలు

సొమ్మసిల్లడానికి కారణాలు ప్రధానంగా మూడు విధాలు.

అ) నాడీ ప్రతిచర్య: ఎక్కువసేపు నిలబడటం, ఉక్కపోత, నొప్పి, రక్తాన్ని చూడటం వంటి సందర్భాలలో రక్తపోటు, నాడివేగం ఒక్కసారిగా పడిపోతాయి.

ఆ) లేచి నిలబడగానే రక్తపోటు తగ్గడం: ఒంట్లో నీరు తగ్గినవారిలో, కొన్ని రకాల మందులు వాడేవారిలో, దీర్ఘకాల మధుమేహం ఉన్నవారిలో ఇది కనిపిస్తుంది.

ఇ) హృదయ సంబంధ కారణాలు: విశ్రాంతిలో వయోజనుల గుండె సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. అది మరీ నెమ్మదించినా, మితిమీరి వేగం పుంజుకున్నా మెదడుకు చాలినంత రక్తం అందదు. మందగించిన నాడికీ స్పృహ తప్పడానికీ గల సంబంధాన్ని డబ్లిన్ వైద్యులు రాబర్ట్ ఆడమ్స్ 1827లో, విలియం స్టోక్స్ 1846లో వివరించారు.

3. భేదాన్ని గుర్తించడం

పడిపోయినవారి కాళ్లూ చేతులూ కొన్ని క్షణాలు కొట్టుకున్నంత మాత్రాన అది ఫిట్స్ కానక్కరలేదు. నాలుక పక్కభాగం కొరుక్కోవడం, తేరుకున్నాక చాలాసేపు అయోమయంగా ఉండటం ఫిట్స్‌ను సూచిస్తాయి. వికారం, చెమట, కళ్లు బైర్లు కమ్మడం ముందుగా కనిపించి, పడుకోబెట్టగానే తేరుకుంటే అది చాలావరకు నాడీ ప్రతిచర్యే. శ్రమపడుతున్నప్పుడు గానీ, పడుకొని ఉన్నప్పుడు గానీ, ఏ సూచనా లేకుండా గానీ స్పృహ తప్పితే గుండెను అనుమానించాలి. కుటుంబంలో చిన్నవయసు ఆకస్మిక మరణాలుంటే ఆ అనుమానం మరింత బలపడుతుంది.

చేతిలో తాళాలగుత్తి పెట్టే ఆచారం ఈ సంకరానికి మరో నిదర్శనం. సొమ్మ సాధారణంగా కొద్దిసేపట్లో దానంతటదే తీరుతుంది. ఘనత మాత్రం ఇనుముకు దక్కుతుంది. అసలు కారణం పరీక్షకు రాకుండా మరుగునపడుతుంది.

4. చికిత్స

సొమ్మసిల్లినవారిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి. పూర్తిగా తేరుకునేవరకు నోట్లో నీళ్లు పోయరాదు. శ్వాస ఆడకపోతే వెంటనే 108కు ఫోన్ చేసి, ఛాతీ మధ్యభాగాన్ని బలంగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. తరువాత ఈసీజీ తప్పనిసరి. లయదోషం అప్పుడప్పుడే వచ్చేదైతే హోల్టర్ పరికరంతో ఒకరోజు లేదా అంతకు మించి నమోదు చేస్తారు. నెమ్మదించిన గుండెకు పేస్‌మేకర్ అమరుస్తారు; దానిని మొదటిసారి 1958లో స్టాక్‌హోమ్‌లో మనిషి శరీరంలో అమర్చారు. వేగదోషాలకు మందులు, అబ్లేషన్ ఉన్నాయి. ప్రాణాపాయకరమైన వేగదోషాలకు, 1980లో తొలిసారి మనిషికి అమర్చిన డీఫిబ్రిలేటర్ రక్షణనిస్తుంది.

5. ముగింపు

స్పృహ తప్పిన క్షణాన్ని వైద్యుడు చూడడు. చూసినవారి మాటే అతనికి ఆధారం. 'మూర్ఛ వచ్చింది' అన్న ఒక్కమాట చికిత్సను దారి మళ్లించగలదు. ఎప్పుడు, ఏ భంగిమలో పడ్డారు, ఎంతసేపటికి తేరుకున్నారు అన్న వివరణే మేలు. 'సొమ్మసిల్లడం', 'మూర్ఛవ్యాధి' అనే మాటలను పాఠ్యగ్రంథాలు, నిఘంటువులు వేర్వేరుగా స్థిరపరచడం భాషావసరమే కాదు, ప్రాణావసరం కూడా.