ఆఫీసు ఎక్కడో, పని నల్లగొండలో: వర్చువల్ డెస్క్‌టాప్ అంటే ఏమిటి?

బీకాం అయిపోయిన అమ్మాయికి ఒక కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. ఉద్యోగం ఉంది, ఇంటి నుంచే చేయాలి, లాప్‌టాప్ పాతదైనా ఫర్వాలేదు అంటారు. అబ్బాకు అనుమానం మొదలవుతుంది: "పాత డబ్బా మీద అమెరికా కంపెనీ పని ఎట్లయితది బేటీ? మోసం కావచ్చు." నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో చాలా ఇళ్లలో ఈ మాట నడుస్తోంది. ఆయన అనుమానం సగం కరెక్టే. మోసాలు చాలా ఉన్నాయి, ఆ సంగతి కింద చెప్పుకుందాం. కానీ పాత లాప్‌టాప్ మీద పెద్ద కంపెనీ పని నడవడం మాత్రం నిజం.

ఎట్లా అంటే, పని చేసేది మన లాప్‌టాప్ కాదు. అసలు కంప్యూటర్ ఎక్కడో దూరంగా, డేటా సెంటర్ అనే పెద్ద భవనంలో ఉంటుంది. మనం కీబోర్డు మీద కొట్టిన అక్షరం, మౌస్ క్లిక్ ఇంటర్నెట్ మీద అక్కడికి పోతాయి. అక్కడ పని జరిగి, ఆ స్క్రీన్ బొమ్మ మాత్రమే మనకు తిరిగి వస్తుంది. మన లాప్‌టాప్ చేసేది టీవీ లాగా బొమ్మ చూపించడమే. దీన్నే వర్చువల్ డెస్క్‌టాప్ అంటారు.

మరి ఒక్కొక్కరికీ ఒక కంప్యూటర్ అక్కడ పెడతారా? పెట్టరు. మన దగ్గర పాత పెద్ద ఇంటిని పోర్షన్లు చేసి కిరాయికి ఇస్తారు కదా, అట్లాంటిదే ఇది. గోడలు ఒకటే, సంపు ఒకటే, కరెంటు ఒకటే. కానీ ఎవరి పోర్షన్‌కు వారి తాళం. ఒకరి సామాను ఇంకొకరికి కనబడదు. బలమైన ఒకే సర్వర్‌ను సాఫ్ట్‌వేర్‌తో ఇట్లాగే భాగాలు చేస్తారు. ఆ పంపకం చూసే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కాదు. ఐబీఎం కంపెనీ 1972లోనే తన పెద్ద కంప్యూటర్ల కోసం ఇలాంటి వ్యవస్థను మార్కెట్లోకి తెచ్చింది. కొత్తగా వచ్చింది మన ఊరి దాకా చేరిన ఇంటర్నెట్.

ఆ డేటా సెంటర్లు అన్నీ విదేశాల్లో ఉంటాయని అనుకోవద్దు. అమెజాన్ వెబ్ సర్వీసెస్ రూ. 20,761 కోట్ల పెట్టుబడితో తెలంగాణలో డేటా సెంటర్లు కడుతున్నట్టు 2020 నవంబర్‌లో ప్రకటన వచ్చింది. 2022 నవంబర్‌లో అవి పని మొదలుపెట్టాయి. అందులో ఒక స్థలం షాబాద్ మండలం చందనవెల్లి. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ పోయే దారికి అదేమంత దూరం కాదు.

కంపెనీలకు ఇందులో ఏం లాభం? డేటా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. లాప్‌టాప్ పోయినా, దొంగలు ఎత్తుకుపోయినా అందులో ఫైళ్లు ఉండవు. కాపీ చేయడం, పెన్‌డ్రైవ్ పెట్టడం, ప్రింట్ తీయడం అన్నీ బంద్ చేసి పెట్టవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు చాలా కంపెనీలు ఈ దారినే పట్టుకున్నాయి. అంతకుముందు కాల్ సెంటర్ ఉద్యోగిని ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికాం శాఖ నిబంధనలు గట్టిగా అడ్డం వచ్చేవి. 2020 నవంబర్‌లో కేంద్రం ఆ నిబంధనలను బాగా సడలించింది. టెక్నాలజీ ఎప్పటి నుంచో ఉంది, కాగితం అడ్డు అప్పుడు తొలగింది.

మన జిల్లాల్లో ఐటీ టవర్లు ఆ తర్వాత వచ్చాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో, నల్లగొండలో అదే ఏడాది అక్టోబర్ 2న ప్రారంభించారు. ఇల్లు ఇరుకుగా ఉన్నవాళ్లకు, నెట్ సరిగా రానివాళ్లకు సొంత జిల్లాలో ఆఫీసు ఉండటం మేలే. వర్చువల్ డెస్క్‌టాప్‌కు మాత్రం ఆ టవర్ అయినా, మీ ఇంటి గది అయినా తేడా లేదు. రెండు చోట్లా అదే పోర్షన్ తెరుచుకుంటుంది. పాలమూరు మనుషులు పని కోసం బొంబాయి దాకా, గల్ఫ్ దాకా పోయినవాళ్లు. పని తానే ఇంటికి రావడం ఇక్కడ కొత్త సంగతి.

కరెంటు పోతే? దూరంగా ఉన్న కంప్యూటర్ ఆగదు. సగం రాసిన ఉత్తరం సగంలోనే ఉంటుంది, మళ్లీ లాగిన్ అయితే అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఎక్కువ సేపు తిరిగి రాకపోతే కంపెనీ సెట్టింగ్‌ను బట్టి అది మూసుకుపోవచ్చు. అందుకే లాప్‌టాప్ బ్యాటరీ ఒక్కటే సరిపోదు, వైఫై రౌటర్‌కు కూడా ఇన్వర్టర్ లైన్ ఇప్పించండి. టైపింగ్, లెక్కల పనికి మామూలు బ్రాడ్‌బ్యాండ్ చాలు. వేగం కంటే నెట్ తెగకుండా ఉండటం ముఖ్యం. వీడియో కాల్ అదే డెస్క్‌టాప్‌లో పెడితే మాత్రం ఇబ్బంది పడతారు.

ఇంకో మాట. అమెరికా షిఫ్ట్ అంటే మనకు సాయంత్రం ఆరున్నర, ఏడున్నరకు మొదలై తెల్లవారుజామున ముగుస్తుంది. రంజాన్‌లో తరావీహ్ డ్యూటీలోనే పడుతుంది. జాయిన్ అయ్యే ముందే మేనేజర్‌తో బ్రేక్ సంగతి అడగడంలో తప్పు లేదు. చాలా కంపెనీలు తలుపు వేసుకునే వేరే గది ఉందా అని కూడా అడుగుతాయి. పిల్లలు, చుట్టాలు స్క్రీన్ చూడకూడదని వాళ్ల షరతు. ఉమ్మడి కుటుంబంలో అమ్మాయిలకు కంప్యూటర్ కంటే ఈ గదే కష్టమవుతుంది. ఇంట్లో ఉంది కదా అని వచ్చిన ప్రతి చుట్టానికీ చాయ్ పెట్టమంటే ఆ ఉద్యోగం నిలవదు.

ఇక అబ్బా అనుమానం. గుర్తు పట్టే పద్ధతి ఇది: నిజమైన ఉద్యోగంలో మీరు వాళ్ల కంప్యూటర్‌లోకి వెళతారు. మోసంలో వాళ్లు మీ ఫోన్‌లోకి వస్తారు. ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, అందులో కనిపించే అంకెలు చెప్పమంటారు. ఆ యాప్ మంచిదే, చెడ్డది అడిగే మనిషి. చెప్పారంటే మీ స్క్రీన్, ఓటీపీలు సహా, వాళ్లకు కనబడుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు, ఐడీ యాక్టివేషన్ ఫీజు అన్నా అంతే. డేటా ఎంట్రీ పని ఇచ్చి, వారం తర్వాత "తప్పులు చేశావు, అగ్రిమెంట్ ప్రకారం జరిమానా కట్టు, లేకుంటే కోర్టు నోటీసు" అని బెదిరించేవాళ్లూ ఉన్నారు. ఆ నోటీసు చూసి పరువు పోతుందని భయపడి, ఇంట్లో చెప్పకుండా నగలు కుదువ పెట్టి కట్టవద్దు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును దారిలోనే ఆపే వీలు అంత ఎక్కువ.