మ్యాప్ మీద గీత జరిగితే… కౌంటీ మొత్తం రోడ్డెక్కింది!

అమెరికాలో మనవాళ్లు ఇల్లు కొంటున్నారంటే ముందు చూసేది వంటగది కాదు. తూర్పు ముఖమా కాదా అన్నది కూడా రెండో ప్రశ్నే. మొదటి ప్రశ్న ఒక్కటే.. ‘స్కూల్ ఏది?’

హైదరాబాద్‌లో ఫీజు కట్టగలిగితే చాలు, కూకట్‌పల్లిలో ఉంటూ గచ్చిబౌలి స్కూల్లో పిల్లాణ్ని చేర్పించొచ్చు. బస్సు ఇంటి దగ్గరికే వస్తుంది. ఇక్కడ గవర్నమెంట్ స్కూల్లో ఫీజు లేదు. కానీ మీ ఇంటి అడ్రస్సే మీ స్కూల్‌ని నిర్ణయిస్తుంది. రోడ్డుకి ఇటువైపు ఇల్లయితే ఒక స్కూలు, అటువైపు అయితే ఇంకోటి. మ్యాప్ మీద ఆ గీత గీసేది కౌంటీ స్కూల్ బోర్డు. మరి ఆ గీత జరిగితే? ఏమవుతుందో 2019లో మేరీలాండ్‌లోని హోవర్డ్ కౌంటీలో చూశా.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బీటెక్ అయిపోయి, ఎంఎస్ కోసం ఆ ఆగస్టులోనే ఇక్కడ దిగా. మొదటి నెల ఎలికాట్ సిటీలో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో ఉన్నా. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ అదే కౌంటీలో అద్దెకి ఉంటున్నా. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. ‘నీకెందుకురా ఈ స్కూళ్ల గోల’ అంటారు ఫ్రెండ్స్. ఎందుకో చివర్లో చెప్తా.

7,400 మంది పిల్లలు.. ఒక్క ప్రతిపాదన

బాల్టిమోర్‌కి, వాషింగ్టన్‌కి మధ్యలో ఉంటుంది హోవర్డ్ కౌంటీ. దేశంలోనే బాగా డబ్బున్న కౌంటీల్లో ఒకటి. స్కూళ్లకి మంచి పేరు. జనాభాలో దాదాపు ఐదుగురికి ఒకరు ఆసియా మూలాలున్నవాళ్లు. మన తెలుగువాళ్లూ గట్టిగానే ఉన్నారు.

2019 ఆగస్టులో అప్పటి సూపరింటెండెంట్ మైఖేల్ మార్టిరానో ఒక ప్రతిపాదన పెట్టారు. సుమారు 7,400 మంది పిల్లల్ని ఒక స్కూల్ నుంచి ఇంకో స్కూల్‌కి మార్చాలి. కారణాలు రెండు. ఒకటి, కొన్ని స్కూళ్లు కిక్కిరిసిపోయాయి. హోవర్డ్ హైస్కూల్ లాంటి చోట బిల్డింగ్ సరిపోక ఆవరణలో డబ్బా గదులు పెట్టి పాఠాలు చెప్పే పరిస్థితి. ఇంకో పక్క కొన్ని స్కూళ్లలో సీట్లు ఖాళీ.

రెండో కారణం దగ్గరే అసలు మంట మొదలైంది. ఇక్కడ ఆదాయం తక్కువ ఉన్న ఇళ్ల పిల్లలకి మధ్యాహ్న భోజనం ఉచితంగానో, తగ్గింపు ధరకో ఇస్తారు. ఒక స్కూల్లో పేద పిల్లలు ఎంతమంది ఉన్నారో చెప్పడానికి అందరూ వాడే లెక్క ఇదే. కొలంబియాలోని వైల్డ్ లేక్ హైస్కూల్లో ఆ సంఖ్య సగానికి దగ్గరగా ఉంది. అక్కడి నుంచి కారులో పావుగంట దూరంలో ఉన్న రివర్ హిల్ హైస్కూల్లో ఐదు శాతం దగ్గర! రెండూ ఒకే కౌంటీ, ఒకే బోర్డు. ఈ తేడా తగ్గేలా పిల్లల్ని కలపాలన్నది ప్రతిపాదన. అదే నెలలో ముగ్గురు కౌంటీ కౌన్సిల్ సభ్యులు కూడా స్కూళ్లలో ఈ విడివిడితనం పోవాలని తీర్మానం ప్రవేశపెట్టారు.

జాతిని బట్టి కాకుండా ఆదాయాన్ని బట్టి ఎందుకు? ఏ పిల్లాణ్ని ఏ స్కూల్లో వేయాలో కేవలం జాతి చూసి నిర్ణయించకూడదని 2007లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల ఆదాయాన్నే కొలమానంగా తీసుకుంటున్నారు.

‘మన పాలిగాన్ ఉందా?’

కౌంటీని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్కకి నంబర్ ఇస్తారు. వాటిని పాలిగాన్లు అంటారు. చిన్నప్పుడు జామెట్రీలో చదివిన పదం, ఆ నెలంతా ఇంట్లో ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా వినిపించింది. కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఆగిపోయాయి. ‘లిస్ట్‌లో మన పాలిగాన్ ఉందా?’ అదొక్కటే టాపిక్.

ఉంది. ఎనిమిదో తరగతి చదువుతున్న అన్నయ్య కూతురు మరుసటి ఏడాది తొమ్మిదిలో వేరే హైస్కూల్‌కి వెళ్లాలి.

‘ఆ స్కూల్ చూసే కదరా ఇంత ధర పెట్టి ఈ ఇల్లు తీసుకుంది. బ్యాంకుకి ముప్పై ఏళ్లు కట్టాలి’ అంది వదిన. ఆ బాధ నిజం. ఇక్కడ స్కూల్ పేరు ఇంటి ధరలో కలిసిపోయి ఉంటుంది. గీత జరిగితే ఇల్లు అక్కడే ఉంటుంది, అప్పు అక్కడే ఉంటుంది. ఏ స్కూల్ కోసం ఎక్కువ ధర పెట్టారో అది మాత్రం చేజారిపోతుంది. పైగా అన్నయ్యది హెచ్‌వన్‌బీ వీసా. ఉద్యోగం మారాలన్నా, ఊరు మారాలన్నా అంత ఈజీ కాదు.

బోర్డు బహిరంగ విచారణలు పెడితే వందల మంది మాట్లాడ్డానికి పేర్లు ఇచ్చారు. ప్లకార్డులు, ర్యాలీలు, రంగురంగుల టీషర్టులు. బస్సులో ఎక్కువసేపు కూర్చోవాలి, స్నేహితులు విడిపోతారు, ఒకే బిడ్డని మళ్లీ మళ్లీ మారుస్తారా అని అడిగినవాళ్లు ఉన్నారు. ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. కానీ అక్కడితో ఆగలేదు. నల్లజాతి పిల్లల గురించి ద్వేషం కక్కిన ఉత్తరాలూ అధికారులకి అందాయి. ‘ఆ స్కూల్‌కి వెళ్తే మా పిల్లల భవిష్యత్తు ఏంటి’ అని మైక్‌లో అంటుంటే, ఆ స్కూల్లోనే చదువుతున్న పిల్లలు కూడా వింటున్నారన్న సంగతి చాలామందికి గుర్తు లేదు. తమ స్కూల్‌కి రావడం ఏదో శిక్ష అన్నట్టు పెద్దలు మాట్లాడితే ఆ పిల్లలకి ఎలా ఉంటుంది?

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ‘అక్కడి క్రౌడ్ వేరే’ అన్న మాట చాలాసార్లు కనిపించింది. సముద్రాలు దాటి, ఎవరూ తెలియని ఊరికి వచ్చి, అక్కడివాళ్లలో కలిసిపోయి బతుకుతున్నవాళ్లం మనం. పావుగంట దూరంలో ఉన్న పిల్లల్ని చూసి భయపడటం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

ఒక పాత స్కూల్ మూతపడిన కథ

ఈ కౌంటీకి ఈ గొడవ కొత్త కాదు. స్కూళ్లలో నల్లవాళ్లని, తెల్లవాళ్లని విడదీయడం చెల్లదని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది. హోవర్డ్ కౌంటీలో అది పూర్తిగా అమలయ్యేసరికి 1965 వచ్చింది. ఆ ఏడాదే నల్లజాతి పిల్లల హైస్కూల్ అయిన హ్యారియెట్ టబ్‌మన్ స్కూల్‌ని మూసేశారు. అంటే కలపాలి అన్నప్పుడు సొంత స్కూల్ వదులుకుని వేరే చోటికి వెళ్లింది నల్లజాతి పిల్లలే. రెండేళ్లకి, 1967లో, జేమ్స్ రౌజ్ అనే బిల్డర్ కొలంబియా పట్టణాన్ని మొదలుపెట్టాడు. అన్ని జాతులవాళ్లు, అన్ని ఆదాయాలవాళ్లు పక్కపక్కన బతకాలన్నది ఆయన ఆలోచన. ఆ కొలంబియాలోనే వైల్డ్ లేక్ ఉంది.

అసలు లెక్క ఎక్కడ తప్పింది?

నా ఉద్యోగంలో ఒక సర్వర్ మీద లోడ్ ఎక్కువైతే కొంత ట్రాఫిక్‌ని ఖాళీగా ఉన్న సర్వర్‌కి మళ్లిస్తాం. సర్వర్లకి స్నేహితులుండరు, హోమ్ లోన్ ఉండదు. అయినా మళ్లింపు తాత్కాలికమే. ట్రాఫిక్ పెరుగుతూనే ఉంటే కొత్త సర్వర్ కొనాల్సిందే.

ఇప్పుడు ఈ అంకెలు చూడండి. హోవర్డ్ కౌంటీ జనాభా 2010లో 2,87,085. 2020లో 3,32,317. పదేళ్లలో 45 వేల మంది పెరిగారు. ఆ పదేళ్లలో తెరిచిన కొత్త హైస్కూళ్లు? సున్నా! 2005లో మారియట్స్ రిడ్జ్ తర్వాత మళ్లీ కొత్త హైస్కూల్ తలుపులు తెరిచింది 2023లో, జెస్సప్‌లోని గిల్‌ఫర్డ్ పార్క్. పద్దెనిమిదేళ్ల గ్యాప్.

ఎందుకంటే స్కూల్ బోర్డుకి గీత గీసే అధికారం ఉంది కానీ పన్ను వేసే అధికారం లేదు. డబ్బు కౌంటీ నుంచి, రాష్ట్రం నుంచి రావాలి. కౌంటీకి వచ్చేది ప్రధానంగా ఇంటి పన్ను, ఆదాయపు పన్ను. కొత్త ఇళ్లకి అనుమతులిచ్చేది మళ్లీ కౌంటీయే. కొత్త ఇల్లు కడితే స్కూళ్ల కోసం బిల్డర్ కట్టాల్సిన ఫీజు 2019 నాటికి చదరపు అడుగుకి 1.32 డాలర్లే. గొడవ జరిగిన 2019 చివర్లోనే దాన్ని దశలవారీగా 7.50 డాలర్లకి పెంచుతూ కౌన్సిల్ నిర్ణయం తీసుకుంది. స్కూల్ నిండిపోయిన ప్రాంతంలో కొత్త ఇళ్లని కొన్నేళ్లు ఆపే రూల్ కూడా అప్పుడే గట్టిపడింది. ఎలిమెంటరీ 105 శాతం, మిడిల్ 110, హైస్కూల్ 115 దాటితే కొత్త ఇళ్లు క్యూలో ఆగాలి.

అంటే ఇళ్లు ముందొచ్చాయి, పిల్లలొచ్చారు, డబ్బు చివర్లో వచ్చింది. మధ్యలో ఉన్న ఖాళీని పూడ్చడానికి వాడిందే ఆ గీత.

పిల్లలు తగ్గిన చోట ఇదే కథ తిరగబడుతుంది. చాలా కౌంటీల్లో జననాలు తగ్గాయి, ఇళ్ల ధరలు పెరిగి చిన్న కుటుంబాలు రావడం లేదు. కొలరాడోలోని జెఫర్సన్ కౌంటీ 2022 నవంబర్‌లో ఒక్క ఓటింగ్‌తో 16 ఎలిమెంటరీ స్కూళ్ల మూసివేతకి ఓకే చెప్పింది. నిధులు తలల లెక్కన వస్తాయి. తరగతిలో ఐదుగురు తగ్గారని టీచర్ జీతమో, బిల్డింగ్ కరెంటు బిల్లో ఆ మేరకు తగ్గదు కదా. చివరికి స్కూల్‌కే తాళం పడుతుంది.

తీరా చూస్తే..

2019 నవంబర్‌లో హోవర్డ్ బోర్డు ఓటింగ్ పెట్టింది. ప్రతిపాదన కొంత తగ్గి, సుమారు 5,400 మంది పిల్లల్ని మార్చాలని నిర్ణయించారు. అన్నయ్య వాళ్ల పాలిగాన్ కూడా మారింది. ఇంట్లో పెళ్లి ఆగిపోయినంత విషాదం.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. 2020 మార్చిలో కరోనా. ఆ సెప్టెంబర్‌లో కొత్త గీతల ప్రకారం స్కూళ్లు మొదలయ్యాయి.. లాప్‌టాప్‌లో! ఏ బిల్డింగ్ కోసం అంత కొట్టుకున్నారో, ఆ బిల్డింగ్‌కి తాళం. అన్నయ్య కూతురు కొత్త హైస్కూల్‌ని మొదట తన బెడ్‌రూమ్ నుంచే చూసింది. 2024లో అక్కడే గ్రాడ్యుయేషన్ అయింది, ఇప్పుడు కాలేజీలో ఉంది. వదిన ఆ స్కూల్ మ్యూజిక్ టీచర్ గురించి ఇప్పటికీ గొప్పగా చెప్తుంది.

మొన్న ఆ అమ్మాయిని అప్పటి గొడవ గురించి అడిగా. ‘బాబాయ్, అందరూ మా గురించే మాట్లాడారు. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగలేదు’ అంది.

నిజమే. హోవర్డ్ స్కూల్ బోర్డులో ఒక విద్యార్థి సభ్యుడు ఉంటాడు. విద్యార్థులే ఎన్నుకుంటారు, చాలా విషయాల్లో ఓటు కూడా ఉంది. కానీ చట్టం ప్రకారం స్కూల్ హద్దుల మీద, బడ్జెట్ మీద ఆ ఓటు చెల్లదు!

మనం చేయగలిగింది

వీసా మీద ఉన్నవాళ్లకి ఇక్కడ ఓటు లేదు. కానీ మైక్ ఉంది. విచారణలో రెండు మూడు నిమిషాలు మాట్లాడటానికి సిటిజన్ కానక్కర్లేదు. అద్దెకి ఉన్నవాళ్లు కూడా పన్ను కడుతున్నట్టే. ఓనర్ కట్టే ఇంటి పన్ను మన అద్దెలోంచే వెళ్తుంది, కౌంటీ ఆదాయపు పన్ను మన జీతంలోంచే కట్ అవుతుంది. పిల్లలు లేని నాకు ఈ గోల ఎందుకంటే, ఇందుకే.

మనవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. గీతలు మారే ఏడాది వందల మంది వస్తారు. ఆ గీతల్ని అవసరం చేసే నిర్ణయాలు జరిగే రోజు హాల్లో సగం కుర్చీలు ఖాళీ. జనవరిలో సూపరింటెండెంట్ బడ్జెట్ ప్రతిపాదన వస్తుంది. వసంతంలో కౌంటీ ఎగ్జిక్యూటివ్ బడ్జెట్ పెడతారు. మే నెలాఖరుకి కౌన్సిల్ ఓటు వేసేస్తుంది. కొత్త స్కూల్‌కి డబ్బు ఉందా, మన వీధి చివర వచ్చే మూడొందల ఫ్లాట్ల పిల్లలు ఎక్కడ కూర్చుంటారు అని అడగాల్సింది అప్పుడు.

మీరు అమెరికాలో ఏ కౌంటీలో ఉన్నా, ఫోన్‌లో మీ స్కూల్ బోర్డు పేజీ తెరిచి బడ్జెట్ విచారణ తేదీ చూసి క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఇంకో చిన్న మాట. అక్కడ మైక్ పట్టుకున్నప్పుడు పక్క స్కూల్ పిల్లలు కూడా వింటుంటారని గుర్తుపెట్టుకోండి.