ఒకే సంవత్సరం నాణేలు – వేర్వేరు అచ్చులు

హాస్టల్లో మాకిచ్చిన స్టీలు పళ్ళాలన్నీ ఒక్కలాగే ఉండేవి. అయినా ఎవరి పళ్ళెం ఏదో మేము ఇట్టే చెప్పేవాళ్ళం. ఒకదానికి అంచున సొట్ట, ఇంకొకదానికి నడుమ వంకర గీత! ఎం.ఏ. చరిత్రలో చేరి పాత అమెరికా వెండి నాణేల గురించి చదివినప్పుడు, పండితులు చేసేదీ ఇలాంటి పనేనని తెలిసి ఆశ్చర్యపోయాం.

అమెరికా ప్రభుత్వం 1792లో ఫిలడెల్ఫియాలో టంకశాల నెలకొల్పింది. తొలి వెండి డాలర్లు 1794లో వచ్చాయి. నాణేనికి రెండు ఉక్కు అచ్చులు కావాలి. వాటిని డైలు అంటారు. ఒకటి బొమ్మకు, ఒకటి బొరుసుకు. వాటి మధ్య వెండి బిళ్ళ పెట్టి మరతో నొక్కితే నాణెం తయారవుతుంది. ఆ రోజుల్లో అక్షరాలు, అంకెలు, నక్షత్రాలను డై మీద ఒక్కొక్కటిగా చేత్తోనే కొట్టేవారు. అందువల్ల ఏ రెండు డైలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఫలానా బొమ్మ డై, ఫలానా బొరుసు డై కలిసిన జతను ఒక 'డై రకం' అంటారు. 1794 నుంచి 1836 వరకు వచ్చిన అర డాలర్ల రకాలకు ఆల్ ఓవర్టన్ 1967లో తన పుస్తకంలో నంబర్లు ఇచ్చారు. సేకరణకర్తలు నేటికీ ఆ నంబర్లు వాడుతున్నారు.

గుర్తించే పద్ధతి ఇది:

1. సంవత్సరం: అంకెల మధ్య ఎడం చూడాలి. పాత డై మీదే కొత్త అంకె కొట్టిన సందర్భాలున్నాయి. కొన్ని 1812 అర డాలర్లలో 2 కింద 1 కనిపిస్తుంది.

2. దూరాలు: నక్షత్రం కొన, అక్షరం పాదం పక్కనున్న బొమ్మకు ఎంత దూరంలో ఉన్నాయో పోల్చాలి.

3. తప్పులు: ఒక రకం 1795 అర డాలరు మీద 'స్టేట్స్' అనే మాటలో 'ఎ' బదులు 'ఇ' కొట్టి, దానిమీదే దిద్దారు. ఒక రకం 1807 అర డాలరు మీద 50కి బదులు 20 కొట్టి, 2ను 5గా మార్చారు.

4. పగుళ్ళు: డై పగిలితే నాణెం మీద ఉబ్బెత్తు గీత పడుతుంది. పగులు పెరుగుతుందే గాని తగ్గదు. కాబట్టి గీత చిన్నగా ఉన్న నాణెం ముందు పుట్టింది, పెద్దగా ఉన్నది తర్వాత పుట్టింది.

ఈ విద్య ఎంత దూరం పోతుందో 1804 డాలరు చెబుతుంది. ఆ ఏడు 19,570 డాలర్లు చేసినట్టు టంకశాల లెక్క. కానీ అవి పాత సంవత్సరాల డైలతో కొట్టినవి. '1804' అని ఉన్నవి నేడు 16 మాత్రమే తెలుసు. వాటి అంచు గట్టు, పూసల వరుస 1804 నాటి పనితనం కాదు. సయాం రాజుకు, మస్కట్ సుల్తానుకు కానుకలుగా ఇవ్వడానికి తొలి నాణేలను 1834లో చేశారు. మిగిలినవి ఆ తర్వాతివి. ఎరిక్ న్యూమన్, కెన్నెత్ బ్రెస్సెట్ 1962లో తమ పుస్తకంలో ఈ సంగతిని వివరించారు.

మాలో చాలామందికి బడి రిజిస్టరులో పుట్టినతేదీ ఒకటి, అమ్మ చెప్పేది ఒకటి. నాణెం సంగతీ అంతే! రాసిన అంకెను చదవాలి, దాన్ని పరీక్షించాలి కూడా.

మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. పరిశోధన అంటే మనలాంటివాళ్ళది కాదనుకునేవాళ్ళం. తమ్ముళ్ళూ, ఒక భూతద్దం, నాలుగు స్పష్టమైన ఫొటోలు, ఓపిక ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు. చూసి గుర్తుపట్టడం మనకు పళ్ళాల దగ్గరే అలవాటైంది కదా!