పాలరాతి మీద మచ్చ: మరకా, గాయమా?

మొన్న పండగనాడు మా ఇంట్లో పులిహోర కలిపారు. మా వంటగట్టు తెల్లని పాలరాయి. దానిమీద ఒలికిన నిమ్మరసాన్నీ, పసుపు కలిసిన నూనెనూ ఎవరూ వెంటనే తుడవలేదు. సాయంత్రానికి రెండు మచ్చలు తేలాయి. ఒకటి పచ్చనిది. రెండవదానికి రంగు లేదు గాని, అక్కడ రాతి మెరుపు పోయింది. రెండింటినీ ఒక్క దెబ్బతో వదలగొడదామని స్నానాలగది కడిగే ఆసిడ్ కాస్త పోశాను. బుసబుసమని నురగ వచ్చింది. తుడిచి చూస్తే అరచేయంత మేర రాయి గరుకెక్కింది! సైన్సు మాస్టారినై ఉండి నేను చేసిన తప్పేమిటో తెలుసుకుందాం.

సున్నపురాయి భూగర్భంలో అధికమైన వేడికీ, ఒత్తిడికీ లోనై రూపాంతరం చెందితే పాలరాయి అవుతుంది. రెండింటిలోనూ ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. కోడిగుడ్డు పెంకులో ఉన్నదీ అదే. పెంకు ముక్కను నిమ్మరసంలో వేసి చూడండి. సన్నని బుడగలు వస్తాయి. ఆమ్లం కార్బొనేట్‌తో చర్య జరిపినప్పుడు వెలువడే కార్బన్ డై ఆక్సైడ్ వాయువే అది. మా గట్టుమీద జరిగిందీ ఇదే. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం నునుపైన పైపొరను కొద్దిగా కరిగించింది. సీసాలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం మరింత లోతుగా తినేసింది. కనుక నిమ్మరసపు మచ్చ మరక కాదు, గాయం. చింతపండు పులుసు, వెనిగర్ కూడా ఇలాగే చేస్తాయి. ఎంత కడిగినా ఈ మచ్చ పోదు. రాతిని అరగదీసి మళ్ళీ మెరుగు పెట్టించవలసిందే.

పసుపు మచ్చ సంగతి వేరు. పాలరాయి ఎంత నున్నగా కనిపించినా అందులో సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్లు, అవి నూనెనూ టీనీ లోనికి పీల్చుకుంటాయి. ఇదే మరక. దీన్ని బయటికి లాగవచ్చు. ముల్తానీ మట్టిని సబ్బునీటితో ముద్దగా కలిపి, మరకమీద వేలెడు మందాన పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి ఒకరోజు ఉంచాలి. తేమ రంధ్రాల్లోకి దిగుతుంది. తరువాత కాగితం తీసి ఆరనివ్వాలి. మట్టి ఆరుతున్నకొద్దీ లోపలి ద్రవం మరకను వెంటబెట్టుకుని పైకి, మట్టిలోకి చేరుతుంది. ఒకసారికి పోకపోతే మళ్ళీ పట్టించాలి.

మరక పడకుండా ముందే జాగ్రత్తపడవచ్చా? రాతిమీద నాలుగు నీటిచుక్కలు వేసి, పావుగంట తరువాత తుడిచి చూడండి. అక్కడ రాయి నల్లబడితే నీరు ఇంకుతున్నదన్నమాట. అలాంటి రాతికి ‘సీలర్’ అనే ద్రవం పూస్తారు. అది రంధ్రాల్లో చేరి, నూనె, నీరు త్వరగా ఇంకకుండా అడ్డుకుంటుంది. అయితే పైపొరను ఆమ్లం నుంచి ఇది కాపాడలేదు. సీలర్ పూసినా నిమ్మరసాన్ని వెంటనే తుడవాలి.

ఒక హెచ్చరిక. ఆసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎన్నడూ కలపకండి. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.

మన వంటగట్టు కథే ఆగ్రాలోని తాజ్‌మహల్ కథ కూడా. దానికి వాడినది రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయి. దుమ్ము, పొగ పేరుకొని అది పసుపుబారుతుంటే, భారత పురావస్తు శాఖవారు 1994 నుంచి కొన్నేళ్ళకొకసారి మట్టిపూత వేసి శుభ్రం చేస్తున్నారు. మసి మట్టితో పోతుంది. మరి సల్ఫర్ డై ఆక్సైడ్ గాలిలోని తేమతో కలిసి ఆమ్లమై రాతిని కరిగిస్తే? అందుకే 1996లో సుప్రీంకోర్టు, ఆ పరిసరాల్లోని 292 పరిశ్రమలు బొగ్గు మాని సహజవాయువు వాడాలనీ, లేకుంటే అక్కడినుంచి తరలిపోవాలనీ తీర్పు చెప్పింది.

అంటిన మరకను తీయవచ్చు. కరిగిన రాయి తిరిగి రాదు. ఈ తేడా తెలియక నేను గట్టును పాడుచేసుకున్నాను. మీరు సీసా మూత తీసేముందు, ఆ మచ్చ మరకా, గాయమా అని ఒక్క క్షణం ఆలోచించండి.