వలిసె పూల వెలుగులో... మీ రంగు మీదే!

ఉదయం ఆరు గంటలు. అరకులోయలో మంచు ఇంకా విడలేదు. వలిసె చేను గట్టు పక్కన కారు ఆగింది. ముందు ఫొటోగ్రాఫరు దిగాడు. వెనకే కాబోయే పెళ్లికూతురు, మేకప్ పెట్టెతో బ్యూటీషియన్, శాలువా కప్పుకున్న అమ్మ. నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ ఇది మామూలు దృశ్యమే. పసుప్పచ్చని పూల మధ్య ప్రీవెడ్డింగ్ షూట్ మరి!

'కాస్త తెల్లగా కనిపించేట్టు వెయ్యమ్మా...' అంటుంది అమ్మ, మెల్లగా.

చిక్కంతా ఆ ఒక్క మాటతోనే మొదలవుతుంది.

హోటల్ గదిలో ట్యూబ్‌లైటు కింద చూసుకున్నప్పుడు అంతా బాగానే ఉంటుంది. మంచు విడి ఎండ పొడ తగిలేసరికి ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చేతులు మరో రంగు! చామనఛాయ చర్మానికి రెండు మూడు షేడ్లు తక్కువ ఫౌండేషన్ వేస్తే తెల్లదనం రాదు, బూడిద పూసినట్టు ఉంటుంది. లేత షేడ్లలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లటి రంగుపొడి ఎక్కువగా ఉంటుంది. కింద ఉన్న గోధుమరంగుతో కలిసి అది బూడిదరంగులోకి తిరుగుతుంది. కల్యాణమండపంలో లైట్ల కింద కొంత చెల్లిపోయినా, ఆరుబయట దొరికిపోతుంది. ఇది రాస్తున్న నా పెళ్లి ఆల్బమ్‌లోనూ అలాంటి ఫొటోలు ఓ పది ఉన్నాయి లెండి!

మరి సహజంగా కనిపించాలంటే? మేకప్ మానేయక్కర్లేదు. మీ రంగును మార్చే పని మానేస్తే చాలు.

దవడే అద్దం

ఫౌండేషన్ కొనేటప్పుడు చాలామంది చేతి మీద రాసి చూస్తారు. చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. దవడ ఎముక దగ్గర, కాస్త మెడ మీదికి వచ్చేలా మూడు షేడ్లు పక్కపక్కనే గీతలు గీయండి. దుకాణం బయటికొచ్చి పగటి వెలుతురులో చూడండి. ఏ గీత చర్మంలో కలిసిపోయి కనపడకుండా పోతుందో అదే మీది. వెంటనే కొనేయకండి... కొన్ని రకాలు ఆరేకొద్దీ ముదురుతాయి. ఓ పది నిమిషాలు ఆగాక మళ్లీ చూడండి. రెండు షేడ్ల మధ్య ఊగిసలాట వస్తే రెండూ కలిపి వాడుకోవచ్చు. మనలో చాలామందికి నుదురు, నోటి చుట్టూ కాస్త ముదురుగా, బుగ్గలు లేతగా ఉంటాయి. అలాంటప్పుడు మెడ రంగుకి సరిపెట్టుకోవడమే క్షేమం.

పెళ్లివారికి ఇంకో మాట. ముందురోజు పసుపు వేడుక అయ్యుంటే ముఖంలో పచ్చదనం మిగిలే ఉంటుంది. ఆ రోజు షేడు ఎంచుకుంటే తప్పే వస్తుంది. కొన్నాళ్ల ముందే చూసిపెట్టుకోండి.

చలిలో పొర పలచగా...

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి శీతాకాలపు గాలికి చర్మం పొడిబారుతుంది. దానిమీద నేరుగా ఫౌండేషన్ రాస్తే గంటలోనే పెదవుల పక్కన, ముక్కు దగ్గర పగుళ్లు తేలుతాయి. ముందు మాయిశ్చరైజర్ రాసి అయిదు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత సన్‌స్క్రీన్. చలిగా ఉంటే ఎండ లేదనుకుంటాం గానీ, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది!

ఇక ఫౌండేషన్... బఠాణీ గింజంత చాలు. తడిపి పిండిన స్పాంజితో ముక్కు, బుగ్గల దగ్గర మొదలుపెట్టి అంచుల వైపు అద్దండి. రుద్దకూడదు. చర్మం బాగున్న చోట అసలు వేయక్కర్లేదు కూడా. కళ్ల కింద నల్లటి వలయాల మీద నేరుగా లేత కన్సీలర్ పెడితే మళ్లీ ఆ బూడిద రంగే. ముందు నారింజ ఛాయ కరెక్టర్ చుక్క అద్ది, ఆపైన మీ షేడు కన్సీలర్ వేయండి. పౌడరు ముక్కుకీ నుదుటికీ మాత్రమే. బుగ్గలకి లేతగులాబీ వద్దు, ఇటుకరంగో ముదురు గులాబీయో చామనఛాయకి నప్పుతుంది. పెదవులకి వాటి సొంత రంగు కంటే ఒక్క పాలు ముదురు. కాటుక సరేసరి.

లిప్‌స్టిక్ అంటే గుర్తొచ్చింది... అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో గిరిజనులు జాఫ్రా పండిస్తారు. ముళ్లకాయలో ఎర్రటి గింజలు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్కకి లిప్‌స్టిక్ చెట్టని పేరు. ఆ గింజల రంగు తినే పదార్థాల్లోనూ, సౌందర్య సాధనాల్లోనూ కలుపుతారు.

సంతలో ట్యూబులు

'కొండ మీద వాళ్లకి మేకప్ ఎందుకండీ, సహజంగానే అందంగా ఉంటారు' అనడం పర్యాటకులకి అలవాటు. మెచ్చుకోలే అయినా నిజం కాదు. కోదు తెగ స్త్రీలు తరతరాలుగా ముఖం మీద పచ్చబొట్లు పొడిపించుకునేవారు. పెద్దవయసు వాళ్ల ముక్కుకి మూడు కమ్ములు కనిపిస్తాయి. థింసా ఆడే మహిళలు నూనె రాసి బిగించిన ముడిలో పూలు తురుముకుంటారు. అలంకారం లేక కాదు... ఆ అలంకారంలో రంగు తగ్గించుకునే ప్రయత్నం లేదు, అంతే.

ఇప్పుడు ఆ ప్రయత్నమూ కొండెక్కింది. మన్యం సంతల్లో గాజులు, పూసల పక్కనే తెల్లబరిచే క్రీముల ట్యూబులూ అమ్ముతారు. 1975లో మన దేశంలో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్‌లీ 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసింది. పేరు మారినంత తేలిగ్గా అమ్మ మాట మారుతుందా!

అసలు భయం పేరూ చిరునామా లేని క్రీములతో. తెల్లబరిచే క్రీములు కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పాదరసం కలిపిన సౌందర్య సాధనాలను 2025తో ఆపేయాలని మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో జెనీవాలో నిర్ణయించాయి. స్టెరాయిడ్ క్రీములు మరో ప్రమాదం. వైద్యుడు చెప్పకుండా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఆపగానే ఎర్రగా మండుతుంది. తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, పదార్థాల జాబితా లేని ట్యూబు ఎంత చవకైనా పెట్టెలో పెట్టకండి.

షూట్ అయిపోయి గదికొచ్చాక రెండు చుక్కల కొబ్బరినూనెతో ముఖం మర్దన చేసి, దూదితో తుడిచి, గోరువెచ్చని నీళ్లతో కడుక్కోండి. పారేసే ముందు ఆ దూదిని ఓసారి మెడ పక్కన పెట్టి చూడండి. రెండూ ఒక్క రంగులో ఉంటే షేడు కుదిరినట్టే!