వార్తల్లో పదం: సేఫ్టీ డేటా షీట్

2020 నవంబరు 10న బెంగళూరు బాపూజీనగర్‌లో, ఇళ్ల మధ్య ఉన్న రసాయనాల గోదాములో మంటలు చెలరేగాయి. అలాంటి చోటికి వచ్చే అగ్నిమాపక సిబ్బందికి ముందుగా కావలసింది ఈ షీటే. రసాయనం వివరాలు ఇందులో 16 విభాగాల్లో ఉంటాయి. మంటలార్పే తీరు అయిదో విభాగంలో, ఒలికితే ఏం చేయాలన్నది ఆరో విభాగంలో.

శానిటైజర్లలో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌నే తీసుకోండి. దాని ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకి, మురుగుకాలువలోకి దిగి, దూరాన ఉన్న నిప్పురవ్వనైనా అందుకుంటుంది. మామూలు నురుగు దానిపై నిలవదు, ఆల్కహాల్‌ను తట్టుకునే నురుగే కావాలి. ఒలికినది బయటికి పోకుండా డ్రమ్ముల చుట్టూ గట్టు కట్టాలి.

ప్రమాదకర రసాయనాలకు ఈ షీటును 1989 నాటి కేంద్ర నిబంధనలే తప్పనిసరి చేశాయి. లోపల బీరువాలో దాస్తే ప్రయోజనం లేదు. గేటు దగ్గర ఒక ప్రతి ఉండాల్సిందే. మీ వీధిలో ఇలాంటి గోదాము ఉంటే, అనుమతి ఉందో లేదో అధికారులను అడగండి.