పుట్టిన కథ ఎవరిది? బిడ్డదా, తల్లిదా?

విశాఖ పాతనగరంలో ఏ నానీనో, దాదీనో పట్టుకుని “మీ మనవడు ఎప్పుడు పుట్టాడమ్మా?” అని అడిగి చూడండి. తేదీ చెప్పేవాళ్లు తక్కువ. “హుద్‌హుద్ గాలికి నాలుగు రోజుల ముందు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పసివాణ్ణి పొత్తిళ్లలో పెట్టుకుని వాళ్లమ్మ రాత్రంతా గోడ మూలన కూర్చుంది” అని చెప్పుకొస్తారు. 2014 అక్టోబర్ 12న ఆ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలకు అదే పుట్టినరోజు గుర్తు.

అంతకుముందు తరానికి వేరే గుర్తులున్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగెత్తారు. ఆ హడావిడిలో పుట్టిన బిడ్డ ‘బాంబులు పడిన ఏడాది పిల్లాడు’ అయ్యాడు. 1966లో ఉక్కు ఉద్యమం, 1971 జనవరి 20న కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న దాన్ని జాతికి అంకితం చేయడం, ఇవన్నీ ఎన్నో ఇళ్లలో కాన్పుల లెక్కకు కొండగుర్తులే. ఉక్కు కర్మాగారం కోసం ఖాళీ అయిన ఊళ్లలో పుట్టినవాళ్లున్నారు. వాళ్లు పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు, ఊరూ లేదు. అమ్మ చెప్పిన కథలో మాత్రం ఆ ఊరింకా ఉంది.

ఇలా గుర్తుపెట్టుకోవడం కొత్తేమీ కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) జన్మించిన సంవత్సరానికి అరబ్బులు పెట్టుకున్న పేరు ‘ఆముల్ ఫీల్’, అంటే ఏనుగు సంవత్సరం. అబ్రహా ఏనుగుల సేనతో కాబా మీదికి వచ్చి నాశనమైన ఏడాది అది. క్రీస్తుశకం 570 ప్రాంతమని చరిత్రకారుల లెక్క. ఆ సేన గురించి దివ్యఖుర్‌ఆన్‌లో 105వ సూరా ఉంది. మన తుఫాను పేరు కూడా ఖుర్‌ఆన్ చదివేవాళ్లకు తెలిసిందే. ఒమన్ దేశం సూచించిన ఆ ‘హుద్‌హుద్’, సూరా నమ్ల్‌లో సులైమాన్ (అ) దగ్గరికి సబా రాజ్యం కబురు తెచ్చిన పిట్ట.

సరే, కొండగుర్తుల సంగతి అలా ఉంచితే, పుట్టిన కథలో అసలు విషయం ఏమిటి? ఆ కథ ఎవరిది? ఇంట్లో ఎలా చెప్పుకుంటున్నాం? “వీడు పుట్టాకే ఇల్లు కలిసొచ్చింది” అనో, “ఇది పుట్టిన వేళ మంచిది కాదు, తండ్రి ఉద్యోగం పోయింది” అనో చెప్పుకోవడమే ఎక్కువ. అంటే కథ మొత్తం బిడ్డ అదృష్టం, దురదృష్టం చుట్టూ తిరుగుతుంది. ఖుర్‌ఆన్ చెప్పే పుట్టుక కథలు మాత్రం ఇలా ఉండవు. అవి చాలావరకు తల్లి వైపు నుంచి చెప్పినవి.

సూరా మర్యమ్ చూడండి. ఖుర్‌ఆన్‌లో పేరుతో ప్రస్తావన ఉన్న ఒకే ఒక్క స్త్రీ హజ్రత్ మర్యమ్. నొప్పులు మొదలయ్యాయి. పక్కన తల్లి లేదు, మంత్రసాని లేదు. ఖర్జూరపు చెట్టు మొదలు పట్టుకున్నారు. ఇంతకు ముందే చచ్చిపోయి, అందరూ మరిచిపోయి ఉంటే బాగుండేదని అనుకున్నారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ మాట అన్నందుకు ఆమెను అల్లాహ్ మందలించలేదు. దిగులు పడొద్దని కబురొచ్చింది. కాళ్ల కింద నీటి ఊట ఉందని, చెట్టు కదిపితే పండిన ఖర్జూరాలు రాలతాయని, తిని, తాగి, కళ్లు చల్లబరచుకోమని ఓదార్పు వచ్చింది. ఆపైన ఇంకో మాట కూడా. ఎవరైనా కనిపిస్తే, మౌన వ్రతంలో ఉన్నానని సైగతో చెప్పమని.

పురిటి నొప్పుల్లో ఆడవాళ్లు అరిచినా, ఏడ్చినా, “ఇక నావల్ల కాదు” అన్నా ఓర్పు లేదంటూ దెప్పే అలవాటు ఇంకా పోలేదు. ఎత్తిపొడిచేవాళ్లు మర్యమ్ కథ మళ్లీ చదవాలి. నొప్పిని నొప్పి అనడం ఈమాన్‌కు లోపం కాదు. బాలింతకు ముందు కావలసింది నీళ్లు, తిండి, విశ్రాంతి. వచ్చినవాళ్లందరి ప్రశ్నలకూ ఆమె జవాబు చెప్పుకోనక్కర్లేదు. నలభై రోజుల చిల్లాలో చుట్టాలు వరుసకట్టి “పాలు చాలుతున్నాయా? రంగు ఎవరిది వచ్చింది?” అని ఆరా తీసే ఇళ్లలో ఇది ముఖ్యంగా గుర్తుండాలి.

మూసా (అ) పుట్టుక కథ కూడా తల్లి గుండె చప్పుడే. ఫిరౌన్ మగశిశువులను చంపిస్తున్న కాలం. బిడ్డకు పాలివ్వమని, భయం వేస్తే నదిలో విడవమని ఆ తల్లికి దైవప్రేరణ కలిగింది. బిడ్డను విడిచాక ఆమె మనసు ఎంతగా తల్లడిల్లిందో సూరా ఖసస్ చెబుతుంది. గట్టు వెంట దూరం నుంచి కనిపెట్టుకుని నడిచింది అక్క. బిడ్డ ఏ దాదీ పాలూ పట్టలేదు. చివరికి కన్నతల్లి ఒడికే చేరాడు. పెద్దయ్యాక మూసా (అ) ఎంత గొప్ప ప్రవక్త అయినా, ఆ కథలో మొదట నిలబడేది ఒక అమ్మ, ఒక అక్క.

మరి శుభం, అశుభం మాటేమిటి? దీనికి జవాబు దైవప్రవక్త (స) ఇంట్లోనే ఉంది. ఆయన కొడుకు ఇబ్రాహీం పసితనంలోనే కన్నుమూశాడు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త బిడ్డ పోయినందుకే సూర్యుడికి గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. కడుపుకోతలో ఉన్న ఆ తండ్రి ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండని, ఎవరి చావుకూ ఎవరి పుట్టుకకూ వాటికి గ్రహణం పట్టదని తేల్చి చెప్పారు. సొంత కొడుకు పేరుకు వచ్చిన గొప్పను కూడా ఆయన ఒప్పుకోలేదు. అలాంటప్పుడు అమావాస్యనాడు పుట్టిందనో, గ్రహణంలో పుట్టాడనో ఒక పసిబిడ్డ మీద ముద్ర వేయడానికి చోటెక్కడుంది?

తెలుగులో పెదవి చీలికతో పుట్టిన బిడ్డకు ‘గ్రహణం మొర్రి’ అని పేరు పెట్టేశారు. అంటే తప్పు గ్రహణం రోజు జాగ్రత్తగా లేని తల్లిదన్నట్టు. నిజానికి గర్భంలో నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య పెదవి భాగాలు కలుసుకోవాలి. అవి పూర్తిగా కలవకపోతే చీలిక మిగులుతుంది. అప్పటికి చాలామందికి గర్భమని కూడా సరిగ్గా తెలియదు. పుట్టిన కొద్ది నెలలకే ఆపరేషన్‌తో దాన్ని సరిచేయవచ్చు. ఆ తల్లికి కావలసింది డాక్టరు, ధైర్యం చెప్పే మనిషి. నింద కాదు.

“వీడు కడుపులో ఉండగానే తండ్రి పోయాడు” అని కొందరు పిల్లల ముందే అనేస్తుంటారు. దైవప్రవక్త (స) పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ మరణించారు. ఆరో ఏట తల్లి ఆమినా కూడా అబ్వా దగ్గర కన్నుమూశారు. తండ్రి లేకుండా పుట్టడం అశుభమైతే, ఆ మాట ఎవరిని తాకుతుందో అనేవాళ్లు ఒక్కసారి ఆలోచించుకోవాలి. చాలా ఏళ్ల తర్వాత ఆయన తల్లి సమాధి దగ్గరికి వెళ్లి కన్నీళ్లు పెట్టుకున్నారని, పక్కనున్నవాళ్లకూ ఏడుపు ఆగలేదని హదీసులో ఉంది. కన్నతల్లిని పసితనంలోనే పోగొట్టుకున్న పిల్లలకు వాళ్ల పుట్టిన కథ చెప్పే బాధ్యత ఖాలాలది, ఫుప్పూలది, పెంచినవాళ్లది. ఆయనను ఎత్తుకుని పెంచిన ఉమ్మె ఐమన్‌ను ప్రవక్త (స) చివరిదాకా గౌరవించారు.

ఆడపిల్ల పుట్టిందనగానే ముఖం నల్లబడేవాళ్ల గురించి సూరా నహ్ల్ గట్టిగా చెప్పింది. మర్యమ్ పుట్టుక కథలోనూ ఇదే ముడి. కడుపులో ఉన్న బిడ్డను దైవసేవకు అంకితమిస్తానని ఇమ్రాన్ భార్య మొక్కుకున్నారు. తీరా చూస్తే ఆడపిల్ల. ‘ఆడపిల్లను కన్నానే’ అని ఆ తల్లి తడబడ్డారు. అల్లాహ్ ఆ బిడ్డను చక్కగా స్వీకరించాడు. ఆ ఆడపిల్లే మర్యమ్. కాబట్టి కూతురికి ఆమె పుట్టిన కథ చెప్పేటప్పుడు “మగపిల్లాడని అనుకున్నాం, నువ్వొచ్చావు” అని మొదలుపెట్టే ముందు కాస్త ఆగాలి. నవ్వుతూ అన్నా ఆ ఒక్క మాట పిల్ల మనసులో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

పుట్టిన కథ తల్లి పరువుకు కూడా సంబంధించినది. సూరా అహ్‌ఖాఫ్‌లో గర్భం, పాలు మాన్పించడం కలిపి 30 నెలలన్న లెక్క ఉంది. సూరా లుఖ్మాన్‌లో పాలు మాన్పించడానికి రెండేళ్లన్న మాట ఉంది. అంటే 24 నెలలు. ఆరు నెలలకే ప్రసవించిందని ఒక స్త్రీ మీద నింద పడినప్పుడు హజ్రత్ అలీ (ర) ఈ రెండిటినీ కలిపి చూపారు. ముప్పైలోంచి ఇరవై నాలుగు తీస్తే ఆరు. గర్భానికి ఆరు నెలలు కూడా సాధ్యమే, నింద నిలవదని వాదించారు. నెలలు నిండకుండా కాన్పయితే వేళ్లు మడిచి లెక్కలేసే ఇరుగుపొరుగుకు పద్నాలుగు వందల ఏళ్ల కిందటే చెప్పిన జవాబు ఇది.

విశాఖలో పురుడు అనగానే గుర్తొచ్చే పేరు ఘోషా ఆసుపత్రి. రికార్డుల్లో అది ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి. జనం నోట మాత్రం ఘోషాయే. ఆ పేరు విని నొప్పుల ఘోష అనుకునేవాళ్లూ ఉన్నారు. అసలు అది ఫార్సీ నుంచి వచ్చిన ‘గోషా’. మూల, ఏకాంతం అని అర్థం. పరదా పాటించే స్త్రీలను గోషా స్త్రీలనేవారు. మగ డాక్టరు ముందుకు రాలేక ఇళ్లలోనే ప్రాణాలు పోగొట్టుకునే ఆడవాళ్ల కోసం ఆనాటి మద్రాసు రాష్ట్రంలో ఇలాంటి ఆసుపత్రులు వచ్చాయి. మద్రాసులో 1885లో మేరీ షార్లీబ్ అనే మహిళా డాక్టరు మొదలుపెట్టిన గోషా ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. పరదా పేరు చెప్పి వైద్యం ఆపడం కాదు, పరదా నిలుపుతూనే వైద్యం అందించడం దారి అని ఆ పేరే చెబుతోంది. కాన్పులో ప్రాణం పోయిన స్త్రీకి షహీద్ దర్జా ఉందని హదీసు చెబుతుంది. అది ఆమె త్యాగానికి దక్కే గౌరవం. ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లినవాళ్లకు అది సాకు కాదు.

రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరుడి గుడి, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. ఆ చర్చిలో కొలిచే తల్లి మనకు హజ్రత్ మర్యమ్. ఈసా (అ) విషయంలో నమ్మకాలు వేరే. కానీ ఆ తల్లి పడ్డ కష్టం దగ్గర రెండు ఇళ్లూ తలవంచుతాయి. కంసుడి చెరలో పుట్టి, రాత్రికి రాత్రి యమున దాటిన కృష్ణుడి కథ పక్కింట్లో చెప్పుకుంటారు. భీమిలి దారిలోని తొట్లకొండ, బావికొండల మీద బౌద్ధుల శిథిలాలున్నాయి. బుద్ధుడి తల్లి మాయాదేవి పురిటికి పుట్టింటికి వెళ్తూ లుంబినీలో ప్రసవించారని, ఏడు రోజులకే కన్నుమూశారని బౌద్ధులు చెబుతారు. పురిటికి పుట్టింటికి వెళ్లే ప్రయాణం అర్థం కాని తెలుగు ఇల్లు ఉండదు. ఎవరి నమ్మకం వారిదే అయినా, పుట్టిన కథ విన్నచోట మనుషులు ఒకరికొకరు తొందరగా అర్థమవుతారు.

మన ఇళ్లలో ఈ కథ చెప్పుకోవడానికి తగిన రోజు అఖీఖా. బిడ్డ చెవిలో అజాన్, తహ్నీక్, ఏడో రోజు అఖీఖా, పేరు పెట్టడం, అన్నీ జరుగుతాయి. వంటల హడావిడిలో తల్లి ఒక గదిలో ఒంటరిగా మిగిలిపోతుంది. ఆ రోజు ఆమె పక్కన పది నిమిషాలు కూర్చుని “ఎలా గడిచింది?” అని అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినడానికి ఖర్చేమీ లేదు. జనన నమోదు 21 రోజుల్లోపు చేయించాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టినవాళ్లకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా ఆ ధ్రువపత్రమే ఆధారం. పేరు స్పెల్లింగు అప్పుడే చూసుకుంటే తర్వాత తిరుగుడు తప్పుతుంది. అయితే ఆ కాగితంలో తేదీ, చోటు, తల్లిదండ్రుల పేర్లు మాత్రమే ఉంటాయి. ఆ రాత్రి ఎవరు ఆటో పిలిచారు, ఎవరు రక్తం ఇచ్చారు, ఎవరు తెల్లవార్లూ దుఆ చేశారు అన్నది అందులో ఉండదు. నానీ, దాదీలు బతికుండగానే సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకోవాల్సింది అదే.

దైవప్రవక్త (స) సోమవారం ఉపవాసం ఉండేవారు. కారణం అడిగితే, తాను పుట్టిన రోజు అదేనని కూడా చెప్పారు. ఆయన పుట్టిన రోజును తలుచుకున్న తీరు అల్లాహ్‌కు కృతజ్ఞత. ఆ కృతజ్ఞత పక్కనే తల్లిదండ్రులకు కృతజ్ఞతను సూరా లుఖ్మాన్ చేర్చింది. నీరసం మీద నీరసం పడుతూ తల్లి మోసిందని గుర్తు చేసింది.

మర్యమ్ బిడ్డను ఎత్తుకుని ఊరి మధ్యకు వచ్చినప్పుడు జనం నిలదీశారు. ఆమె నోరు విప్పలేదు, బిడ్డ వైపు చూపించారు. ఉయ్యాలలోని ఆ బిడ్డ మాట్లాడాడు. తాను దైవదాసుణ్ణని, తల్లి పట్ల మంచిగా నడుచుకునేవాణ్ణని చెప్పాడు. అది ఈసా (అ)కు అల్లాహ్ ఇచ్చిన మహిమ. మిగతా పిల్లలకు అంత తొందరగా మాటలు రావు. మాటలు వచ్చాక, ఇంట్లో ఎవరైనా అమ్మను తక్కువ చేసి మాట్లాడినప్పుడు, ఆమె కాన్పు కష్టాన్ని మరిచిపోయినప్పుడు, “అమ్మ నన్ను ఎలా కన్నదో నాకు తెలుసు” అని చెప్పడం మాత్రం ఏ బిడ్డకైనా చేతనవుతుంది. దానికి ముందు ఆ కథ అమ్మను అడిగి తెలుసుకుని ఉండాలి.